పీజీ సాఫ్ట్‌వేర్‌కు కమీషన్ ఏజెంట్లు: ఎంతివ్వాలి, ఎప్పుడివ్వాలి?

ప్రశ్న: మాది కావలి. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. నేనూ నా స్నేహితుడూ పార్ట్‌నర్‌షిప్ పెట్టుకుని పీజీ హాస్టళ్లకు ఒక సాఫ్ట్‌వేర్ చేశాం. ఏ బెడ్ ఖాళీగా ఉంది, ఎవరు అద్దె కట్టలేదు, ఎవరి నోటీస్ పీరియడ్ నడుస్తోంది, అన్నీ ఓనర్ ఫోన్‌లో కనిపిస్తాయి. నెలకు 1,200 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇప్పుడు 140 పీజీలు కడుతున్నాయి. నెలకు ఏడుగురు దాకా మానేస్తున్నారు, పది పన్నెండు మంది కొత్తగా చేరుతున్నారు. కొందరు ఓనర్లు మేం అడక్కుండానే తోటి ఓనర్లకు చెప్పి చేర్పిస్తున్నారు. అందుకే అఫిలియేట్ ప్రోగ్రామ్, అంటే కస్టమర్లను తెచ్చినవారికి కమీషన్ ఇచ్చే పద్ధతి, పెడదామనుకుంటున్నాం. బెంగళూరులోని తెలుగువాళ్ల కోసం వీడియోలు చేసే ఒక యూట్యూబర్ 40 శాతం అడుగుతున్నాడు, అదీ కస్టమర్ ఉన్నన్నాళ్లూ. మా బావగారికి కుందలహళ్లిలో రెండు పీజీలున్నాయి, మా వ్యాపారంలో మూడు లక్షలు కూడా పెట్టారు. చేర్చినవాళ్లకు తలకు 2,000 చేతిలో పెట్టేస్తే పని అయిపోతుందని ఆయన పట్టు. ఎంత ఇవ్వాలి? ఏ టూల్ వాడాలి? ట్యాక్స్ సంగతేమిటి? బావగారికి ఎలా చెప్పాలి? ఇంట్లో ఇదే టెన్షన్.

జవాబు: బావగారి లెక్కతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అందులో ఒక గొయ్యి ఉంది. మీ దగ్గర చేరే ఓనర్ మొదటి నెల కట్టేది 18 శాతం జీఎస్టీతో కలిపి 1,416. చేర్చినవాడికి మీరిచ్చేది 2,000. అంటే నేను మా తమ్ముడి పేరు మీద ఒక పీజీ ఉందని చూపించి, 1,416 కట్టి, 2,000 తీసుకుని, రెండో నెల మానేస్తే నాకు 584 మిగులుతుంది. పది పేర్లతో చేస్తే 5,840. మీ సాఫ్ట్‌వేర్ ఒక్కరోజు కూడా తెరవక్కర్లేదు. కస్టమర్ మొదటిసారి కట్టే డబ్బు కంటే కమీషన్ ఎక్కువైన ప్రతిచోటా ఈ తలుపు తెరుచుకునే ఉంటుంది.

ఇది నాకు అనుభవమే. చాలా ఏళ్ల కిందట స్కూలు ఫీజుల సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక చిన్న కంపెనీలో పనిచేశాను. స్కూలుకు ఇంత అని ముందే ఇచ్చేవాళ్లం. ఒక ఏజెంటు ఒక్క నెలలో 31 స్కూళ్లు తెచ్చాడు. ఆఫీసులో స్వీట్లు పంచాం. ఫీజుల సీజన్ వచ్చేసరికి లాగిన్ అయిన స్కూళ్లు నాలుగు. మిగతావాటిలో కొన్నింటికి ఫోన్ చేస్తే, "తెలిసిన పిల్లవాడే కదా, సంతకం పెట్టమంటే పెట్టాం" అన్నారు. ఆ ఏజెంటు మోసగాడు కూడా కాదు. మేం దేనికి డబ్బిచ్చామో అదే తెచ్చాడు. సంతకాలకు డబ్బిచ్చాం, సంతకాలు తెచ్చాడు.

ఇప్పుడు మీ అసలు లెక్క. 140 మందిలో ఏడుగురు మానేస్తున్నారంటే నెలకు 5 శాతం. ఆ లెక్కన ఒక ఓనర్ మీ దగ్గర సగటున 20 నెలలు ఉంటాడు. 1,200లో పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ) సుమారు 33 తీసుకుంటుందనుకోండి. సర్వర్‌కూ వాట్సాప్ మెసేజ్‌లకూ 150, ఫోన్ ఎత్తి సాయం చేసే మనిషికి 250 వేశాను. ఇవి నా అంచనాలు, మీ ఖర్చులు మీరు వేసుకోండి. మిగిలేది 767. ఇరవై నెలలకు 15,340.

యూట్యూబర్ అడిగిన 40 శాతం అంటే నెలకు 480. ఇరవై నెలలకు 9,600. మీకు 5,740 మిగులుతుంది, అందులోంచే మీ ఇద్దరి జీతాలు, కొత్త ఫీచర్లు, ఆఫీసు అద్దె రావాలి. కుదరదు. ఒకసారి వస్తువు అమ్మి చేతులు దులుపుకునే వ్యాపారం వేరు. అమెజాన్ 1996లో అసోసియేట్స్ ప్రోగ్రామ్ పెట్టినప్పటి నుంచీ అక్కడి సూత్రం సులువు: పుస్తకం అమ్ముడైంది, వాటా ఇచ్చారు, అయిపోయింది. మీకు అమ్మకం మొదటి నెలతో అవదు, ప్రతి నెలా మళ్లీ అమ్ముకోవాల్సిందే. కమీషన్ కూడా అలాగే నెలనెలా రావాలి, ఎక్కడో ఒకచోట ఆగాలి కూడా.

నా సలహా 20 శాతం, పన్నెండు నెలలు. జీఎస్టీ తీసేసిన 1,200 మీదే. నెలకు 240. చేరిన వందమందిలో ఏడాది చివరికి మిగిలేది 54 మందే కాబట్టి, సగటున ఒక్కో ఓనర్ మీద మీరిచ్చేది 2,880 కాదు, దాదాపు 2,200. చూశారా, బావగారు చెప్పిన 2,000కూ దీనికీ పెద్ద తేడా లేదు. ఆయన అంకె తప్పు కాదు. ఇచ్చే వేళ తప్పు. ముందే ఇస్తే ఓనర్ మానేసినప్పుడు నష్టం మొత్తం మీది. నెలనెలా ఇస్తే, చేర్చినవాడే మూడో నెలలో ఓనర్‌కు ఫోన్ చేసి "అన్నా, వాడుతున్నావా? ఏమైనా ఇబ్బందా?" అని అడుగుతాడు. మీరు జీతమివ్వని సపోర్ట్ మనిషి ఒకరు దొరికినట్టు.

మొదటి నెల కమీషన్‌ను కూడా రెండో నెల డబ్బు వచ్చాకే విడుదల చేయండి. దొంగ చేరికల్లో చాలావరకు ఈ ఒక్క నియమంతోనే ఆగిపోతాయి.

యూట్యూబర్ గురించి ఇంకో మాట. ఆయన వీడియోలు చూసేది ఎవరు? మారతహళ్లిలో మంచి పీజీ ఎక్కడుంది, ఆంధ్రా భోజనం ఎక్కడ బాగుంటుంది అని వెతికే పిల్లలు. వాళ్లు పీజీలో ఉండేవాళ్లు, పీజీ నడిపేవాళ్లు కాదు. లక్ష వ్యూస్‌లో ఓనర్లు ఎందరో ఆయనకూ తెలియదు. అందరికీ ఇచ్చే 20 శాతానికే ఒక కోడ్ ఇవ్వండి. వద్దంటే వదిలేయండి. "వీడియోకు ఇంత ఫిక్స్‌డ్‌గా ఇవ్వండి" అంటే అది ప్రకటన ఖర్చు, ఆ లెక్క వేరే పుస్తకంలో రాసుకోవాలి. ఎలా చేసినా, డబ్బు తీసుకుని చెబుతున్నానని ఆయన వీడియోలో చెప్పి తీరాలి. ప్రకటనల మండలి ఆస్కీ 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో దీనిపై మార్గదర్శకాలు ఇచ్చాయి. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంటుంది, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. అది ప్రచారం చేసినవాడితో పోదు, అమ్మేవాళ్లకూ తగులుతుంది.

మరి మీకు నిజంగా పనికొచ్చే అఫిలియేట్లు ఎవరు? నేను మీ స్థానంలో ఉంటే కంప్యూటర్ మూసేసి బయటికి వెళతాను. కొత్త పీజీ తెరుస్తున్నారని బెంగళూరులో అందరికంటే ముందు తెలిసేది ఎవరికి? మంచాలు, పరుపులు సప్లై చేసేవాడికి. ఒకేసారి అరవై పరుపుల ఆర్డర్ వచ్చిందంటే అది పీజీయే. తర్వాత సీసీ కెమెరాలు బిగించేవాడికి. 2024 ఆగస్టులో అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ పీజీలకు నిబంధనలు పెట్టింది: కెమెరాలు, మనిషికి 70 చదరపు అడుగుల చోటు, వంటగదికి ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు వగైరా. ఆ లైసెన్సు కాగితాలు చేయించిపెట్టే మనుషులు ఓనర్ పక్కనే కూర్చుని ఫారాలు నింపుతారు. వైఫై కుర్రాడు నెలకోసారైనా ప్రతి పీజీ గడప తొక్కుతాడు. బియ్యం, కూరగాయలు వేసేవాళ్లు రోజూ. వీళ్లలో ఎవరికీ వెబ్‌సైట్ లేదు, "అఫిలియేట్" అనే మాట కూడా తెలిసి ఉండకపోవచ్చు. కానీ ఓనర్ వీళ్ల మాట వింటాడు. ఇలాంటి పదిమందిని పట్టుకోండి. వందమంది వద్దు. వందమంది పేర్లు రాసుకుంటే తొంభైమంది ఒక్కరిని కూడా తీసుకురారు, వాళ్ల ఫోన్లు ఎత్తడానికే మీ రోజు సరిపోతుంది.

ఓనర్ల సంగతి వేరు. ఇప్పటికే ఉచితంగా చెప్పి చేర్పిస్తున్నవాళ్లకు కమీషన్ అని డబ్బివ్వకండి. కావలి నుంచో ఒంగోలు నుంచో వచ్చి ఒకే లేఅవుట్‌లో పీజీలు నడుపుకునేవాళ్లు ఒకరికొకరు చుట్టాలో, ఊరివాళ్లో. "మనవాడే కదా అని నమ్మితే, నా మీద కమీషన్ తిన్నాడట" అన్న మాట ఒకసారి వాట్సాప్ గ్రూపులో పడిందంటే, మీ పేరు కూడా దానితో పాటే తిరుగుతుంది. వాళ్లకు వేరే పద్ధతి పెట్టండి: చేర్చినవారికి ఒక నెల ఫ్రీ, చేరినవారికి కూడా ఒక నెల ఫ్రీ. ఇద్దరికీ మేలు జరిగింది కాబట్టి దాచాల్సిన పని ఉండదు. ఇన్నాళ్లూ ఊరికే చేర్పించినవాళ్లకు ఈ నెల బిల్లు మాఫీ చేసి, మీరే వెళ్లి థాంక్స్ చెప్పండి. ప్రోగ్రామ్ గురించి తర్వాత మాట్లాడండి.

ఎవరు ఎవరిని చేర్చారో తెలుసుకోవడం దగ్గరే చాలామంది తడబడతారు. పుస్తకాల్లో చెప్పే పద్ధతి లింక్: నొక్కితే బ్రౌజర్‌లో ఒక గుర్తు పడుతుంది, 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో కొంటే కమీషన్. మీ వ్యాపారంలో జరిగేది ఇలా ఉండదు. పరుపులాయన వాట్సాప్‌లో లింక్ పంపుతాడు. ఓనర్ ఫోన్‌లో చూస్తాడు, ఐదు రోజుల తర్వాత మీకు ఫోన్ చేస్తాడు, చివరికి వాళ్లబ్బాయి లాప్‌టాప్‌లో రిజిస్టర్ చేస్తాడు. ఫోన్‌లో పడిన గుర్తు లాప్‌టాప్‌కు తెలియదు. ఐఫోన్ సఫారీ అయితే ఇలాంటి గుర్తులను చాలా సందర్భాల్లో ఏడు రోజులకే చెరిపేస్తుంది. అందుకని లింక్ ఉన్నా సరే, నోటితో చెప్పగలిగే కోడ్ ముఖ్యం. పేరులో మూడక్షరాలు, ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు చాలు. రిజిస్టర్ చేసేటప్పుడు "మీకు ఎవరు చెప్పారు?" అన్న గడి ఉండాలి. అక్కడ ఓనర్ ఏ కోడ్ రాస్తే వాళ్లకే కమీషన్. ఓటీపీతో సరిచూసిన ఓనర్ ఫోన్ నంబరునే గుర్తుగా పెట్టుకోండి. ఒకే నంబరు, ఒకే బ్యాంకు ఖాతా, ఒకే బిల్డింగ్ చిరునామా రెండోసారి కనిపిస్తే ఆపి చూడండి.

తగవు వచ్చేది ఇంకోచోట. మీరు ఇప్పటికే డెమో ఇచ్చిన ఓనర్‌ను అఫిలియేట్ మళ్లీ "తెస్తాడు". ఆరునెలల తర్వాత కాదు, ఆ పేరు వచ్చిన రోజే చెప్పేయండి: "ఈయనకు మేం పోయిన నెల డెమో ఇచ్చాం, ఇది మీ ఖాతాలోకి రాదు." డెమో ఇచ్చి 60 రోజులు దాటితే మాత్రం అఫిలియేట్‌కే ఇచ్చేయండి. రెండు నెలల్లో మీరు అమ్మలేకపోయారుగా.

అఫిలియేట్‌కు తాను చేర్చినవారి పేరు, కట్టారా లేదా, తనకెంత వచ్చింది అన్నవి మాత్రమే కనిపించాలి. ఎన్ని బెడ్లు, ఎంత అద్దె, ఎన్ని ఖాళీ అన్నవి కనిపించకూడదు. పక్క పీజీలో త్రీ షేరింగ్ ఎంతకిస్తున్నారో తెలుసుకోవాలని ఇంకో ఓనర్‌కు ఎంత ఆత్రమో మీకు నేను చెప్పక్కర్లేదు. 2023 డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచండి, ఒక్కసారి ఆ అంకె బయటికి పొక్కితే మీ 140 మందిలో ఎంతమంది మిగులుతారో చెప్పలేం.

ఏ టూల్ అని అడిగారు. మొదటి ఆరునెలలు ఎక్సెల్ షీట్. నిజంగానే అంటున్నాను. అఫిలియేట్ లెక్కలు చూసే రివార్డ్‌ఫుల్, ఫస్ట్‌ప్రమోటర్ లాంటి టూల్స్ బాగుంటాయి, కానీ ఎక్కువగా స్ట్రైప్ లాంటి విదేశీ పేమెంట్ వ్యవస్థలతో అతికేలా కట్టినవి. స్ట్రైప్ 2024 నుంచి మన దేశంలో కొత్త వ్యాపారాలను ఆహ్వానం ఉంటేనే తీసుకుంటోంది. మీరు రేజర్‌పే లాంటిది వాడుతుంటే, నెలవారీ డబ్బు పడగానే అది మీ సర్వర్‌కు తనంతట తానే పంపే కబురును (వెబ్‌హుక్) పట్టుకుని, అఫిలియేట్ కోడ్ పక్కన 240 రాసుకునే చిన్న ప్రోగ్రామ్ మీ ఇద్దరికీ రెండు రోజుల పని. అఫిలియేట్లు ముప్పై దాటాక టూల్స్ చూడండి.

డబ్బు పడడం అన్నాను కాబట్టి, ఆటో డెబిట్ గురించి ఒకటి. ఆర్‌బీఐ నియమాల ప్రకారం కార్డు, యూపీఐ ఆటోపే మాండేట్లలో (డబ్బు దానంతటదే కోసుకోవడానికి ముందే ఇచ్చే అనుమతుల్లో) 15,000 దాకా ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు, 24 గంటల ముందు మెసేజ్ వెళుతుంది. ఆ మెసేజ్ చూసి కొందరు రద్దు చేస్తారు, కొందరి ఖాతాలో ఆ రోజుకు బ్యాలెన్స్ ఉండదు. అప్పుడు అఫిలియేట్ అడుగుతాడు: "ఆయన ఇంకా వాడుతున్నాడు కదా, నా డబ్బేది?" అందుకే ఒప్పందంలో మొదటి వాక్యం ఇదే కావాలి: మా ఖాతాలో పడిన డబ్బు మీదే కమీషన్. ఏడాది ప్లాన్ పెట్టే ఆలోచన ఉంటే, పూర్తి ధర జీఎస్టీతో 16,992 అవుతుంది, గీత దాటి ఓటీపీ అడుగుతుంది. రెండు నెలలు తగ్గించి ఇస్తే 14,160, గీత కిందే ఉంటుంది.

ట్యాక్స్. మీ అమ్మకాలు ఏడాదికి 20 లక్షలు దాటే చోట ఉన్నాయి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎలాగూ ఉంది. మీది పార్ట్‌నర్‌షిప్ కాబట్టి, ఒక అఫిలియేట్‌కు ఏడాదిలో 20,000 దాటి కమీషన్ ఇస్తే 2 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి. ఈ రేటు 2024 సెప్టెంబరు వరకు 5 శాతం ఉండేది. పాన్ ఇవ్వనివారికి 20 శాతం కోయాలి, అందుకే పాన్ తీసుకోకుండా కోడ్ ఇవ్వకండి. మీకు ట్యాన్, అంటే ఇలా పన్ను కోసేవాళ్లకిచ్చే నంబరు, కావాలి. ఇది 1961 చట్టంలో సెక్షన్ 194హెచ్. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు వేరు, ఆడిటర్‌ను పాత నంబరుతో అడిగినా అర్థమవుతుంది. వైఫై కుర్రాడి లాంటి చిన్నవాళ్లకు, ఏడాది ఆదాయం 20 లక్షలు దాటనంతవరకు, సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ పెద్ద సప్లయర్‌కు రిజిస్ట్రేషన్ ఉంటే, కమీషన్ మీద ఆయన మీకు జీఎస్టీతో బిల్లు ఇస్తాడు. అది చూసి కంగారు పడకండి, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకోవచ్చు.

ఒప్పందం ఒక్క పేజీ, తెలుగులో రాయండి. మీ కంపెనీ పేరు మీద గూగుల్‌లో ప్రకటనలు ఇవ్వకూడదని రాయండి. లేకపోతే మీ పేరు కొట్టి మీకోసమే వస్తున్నవాడిని మధ్యలో పట్టుకుని మీకే అమ్ముతారు. దీనికి ముదిరిన రూపాలు కూడా ఉన్నాయి. అమెరికాలో జనం బ్రౌజర్లలో దొంగచాటుగా గుర్తులు వేసి ఈబే నుంచి కమీషన్ లాగిన ఇద్దరు అఫిలియేట్లకు 2014లో జైలుశిక్ష పడింది. మీకు అంతదాకా రాదులెండి. మీకు వచ్చే ప్రతిపాదన వేరే, తొందరలోనే వస్తుంది: "నా కింద పదిమందిని పెడతాను, వాళ్లు తెచ్చినదాంట్లో నాకు 5 శాతం, వాళ్ల కింద మళ్లీ..." ఎవరు అడిగినా ఒప్పుకోకండి. గొలుసుకట్టు స్కీముల్లో పడి మునిగిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు! 1978 నాటి మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం ఉంది, 2021 డైరెక్ట్ సెల్లింగ్ నియమాలూ పిరమిడ్ పద్ధతిని నిషేధించాయి. సాఫ్ట్‌వేర్ అమ్మినందుకే డబ్బు, మనిషిని చేర్చినందుకు కాదు. ఎప్పుడైనా ఎవరినైనా తీసేయాల్సి వస్తే, అప్పటిదాకా వాళ్లు సంపాదించుకున్నది మాత్రం ఇచ్చేయండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు, పోయిన మూడు నెలల్లో మానేసిన ఇరవైమందికి ఫోన్ చేయండి. పీజీ మూసేశారా? సాఫ్ట్‌వేర్ కష్టమైందా? పుస్తకంలో రాసుకోవడమే హాయిగా ఉందా? ఈ 5 శాతం 3కి దిగితే ఒక్కో ఓనర్ సగటున 33 నెలలు ఉంటాడు. అప్పుడు 25 శాతం ఇచ్చినా మీకు ఇప్పటికంటే ఎక్కువే మిగులుతుంది. 8కి పెరిగితే 20 శాతం కూడా బరువే.

ఇక బావగారు. డబ్బు పెట్టిన మనిషి, పైగా అక్క మొగుడు, ఆయనతో వాదించి గెలిచినా ఇంట్లో ఓడిపోతారు. ఓనరే అయినా వ్యాపారంలో డబ్బు పెట్టారు కాబట్టి ఆయన సంగతి వేరు, మొదటి కోడ్ ఆయనకే ఇవ్వండి. "బావా, మీరు చెప్పిన 2,000 కంటే ఎక్కువే వస్తుంది, నెలనెలా వస్తుంది, మీరే మొదలుపెట్టండి" అనండి. కుందలహళ్లిలో ఆయనకు తెలియని పీజీ ఉండదు. ఆయన తెచ్చే మొదటి ఐదుగురిలో ఇద్దరు రెండో నెలకే మానేస్తే, ఆ ఇద్దరికీ ముందే ఇచ్చి ఉంటే 4,000 పోయేదని మీరు చెప్పాల్సిన పని ఉండదు. ఆయనే లెక్క వేసుకుంటారు.